దసరా తర్వాత అమ్మిన కీబోర్డు

ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని పాటలు చేసుకుందామనుకునే పిల్లలు, తక్కువలో ఏ కీబోర్డు కొనాలని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. నేను అంగడి పని మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పటి మోడళ్ల పేర్లకు నా నోరు తిరగదు. అయినా అడుగుతారు. వాళ్లకు నేను మొదట చెప్పేది ఒకటే, అమ్మేవాడిని నమ్మొద్దని. ముప్పై ఏళ్లు అమ్మినవాడిని కాబట్టి ఆ ఒక్క మాట మాత్రం నన్ను నమ్మొచ్చు.

కర్నూలులో ఒక వాద్యాల అంగట్లో హార్మోనియంలు బాగుచేయడానికి చేరాను. పద్యనాటకాలవాళ్లు, భజనవాళ్లు, చర్చిల్లో వాయించేవాళ్లు మా బేరగాళ్లు. కాలం మారి కీబోర్డులు వచ్చాక వాటి అమ్మకమూ నాకే, రిపేరూ నాకే అప్పగించారు. మా శావుకారుది తాతల నాటి నుంచి వ్యాపారం చేసే కుటుంబం. అంగడి తాళం వేసి మూడుసార్లు లాగి చూసేవాడు. వీధి మలుపు దాకా పోయి, వెనక్కి వచ్చి నాలుగోసారి లాగేవాడు. ఇంకో మూల తబలాలకు, డోలక్‌లకు తోలు మూతలు వేసే పెద్దాయన ఒకరు కూర్చునేవారు. అందరం భాయ్ అనేవాళ్లం. ఆయన ఏ మాట చెప్పాలన్నా ముందు వేలితో ఆ తోలును రెండుసార్లు తట్టి, విని, తర్వాతే నోరు తెరిచేవారు. నాకంత ఓపిక లేదు. మనిషి గడప తొక్కగానే వాడు కొనేవాడా, కాలక్షేపానికి వచ్చినవాడా, మోసగాడా అని తేల్చేసేవాణ్ణి. అంగట్లో పనిచేసేవాడికి అనుమానమే పెట్టుబడి అని శావుకారు అనేవాడు. ఆ పెట్టుబడి నా దగ్గర కావలసినదానికన్నా ఎక్కువే ఉండేది.

క్యాసెట్లు పోయి సీడీలు వచ్చిన రోజులవి. ఒక కార్తీక మాసంలో నలభై ఏళ్ల మనిషి ఒకడు వచ్చాడు. సన్నగా, గడ్డం మాసి ఉన్నాడు. కీబోర్డు చూడాలన్నాడు. కీబోర్డు అమ్మడానికి మా దగ్గర ఒక మంత్రం ఉండేది. ప్రతి పెట్టెలో కంపెనీవాళ్లు ముందే నింపి పంపిన పాట ఒకటి ఉంటుంది. మీట నొక్కితే నలభై మంది వాయించినట్టు మోగుతుంది, లైట్లు వెలుగుతాయి. నూటికి తొంభై మంది ఆ పాట విని కొనేసేవాళ్లు. ఇతనికీ అదే మీట నొక్కాను.

"ఆ పాట ఆపన్నా," అన్నాడు.

"ఏమప్పా, బాగలేదా?"

"బాగుండాది. అది కంపెనీవాళ్లు వాయించింది గదా. నేను వాయిస్తే ఎట్లుంటాదో నాకు తెలియల్ల."

ఆపాను. అతను శబ్దం పూర్తిగా తగ్గించేసి, ఏమీ వినిపించకుండా ఆ తెల్ల మెట్లు, నల్ల మెట్లు వేళ్లతో నొక్కుతూ కూర్చున్నాడు. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. తర్వాత పెట్టెను బోర్లా తిప్పి వెనక రంధ్రాలు చూశాడు. కంప్యూటర్‌కు వైరు పోయే రంధ్రం ఏదని అడిగాడు. జేబులోంచి గళ్ల కాగితం తీసి ఏవో గీతలు గీసుకున్నాడు. వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లంతా కళ్లయ్యాయి. సంగీతం కొనడానికి వచ్చినవాడు సంగీతం వినకుండా పోతాడా? అవతలి బజారులో కొత్తగా పెట్టిన అంగడివాళ్లు ధరలు తెలుసుకోవడానికి పంపారేమో అనుకున్నాను. శావుకారుకు చెబితే ఆయన అంతకన్నా దూరం పోయాడు. "అమ్మకం పన్ను ఆఫీసోళ్లు కూడా మామూలు గుడ్డల్లో వస్తాండారంట. బిల్లు బుక్కు లోపల పెట్టు," అన్నాడు.

అతను మరో మూడుసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ అదే తంతు. రెండోసారి మెట్ల వెడల్పు మూరవేసినట్టు వేళ్లతో కొలిచాడు. మూడోసారి ఒకే పెట్టె మీద పది మెట్లు కలిపి నొక్కి, ఎన్ని మోగుతున్నాయో, ఎన్ని మింగేస్తోందో లెక్క చూశాడు. నేను అతని చేతులకన్నా అతని సంచినే ఎక్కువగా చూశాను. భాయ్ మాత్రం మూలలోంచి, "ఈ మనిషికి ఏం కావల్లో తెలిసే వచ్చినాడు. నీకే తెలియడంలే," అన్నారు.

నాలుగోసారి కొన్నాడు. ఆ రోజే మొదటిసారి తన సంగతి చెప్పాడు. కమలాపురం వైపు నేతపని చేసే ఊరు వాళ్లది. మగ్గం నేస్తాడు. చిన్నప్పుడు నాటకాల హార్మోనిస్టు దగ్గర వాయించడం నేర్చుకున్నాడు. భార్య పాడుతుంది. వాళ్ల కులదేవత చౌడేశ్వరమ్మకు ఉగాది దగ్గర జ్యోతి పండగ చేస్తారు. ఆ పండగ పాటలను పట్నంలోని స్టూడియోలో చేయించి సీడీ వేస్తుంటారు పెద్దమనుషులు. ఈసారి ఇతను, ఇంట్లో నేనే చేసిస్తాను, ఒక అవకాశం ఇవ్వండని బతిమాలుకున్నాడు. ముందు రెండు పాటలు చేసి వినిపించు, చూద్దామన్నారు వాళ్లు.

"ఇది బాగొస్తే చుట్టుపక్కల ఊర్లోళ్లు కూడా నా దగ్గరికే వస్తారన్నా. మగ్గం మీద ఇంక బతికేది లేదు. మరమగ్గాలు వచ్చినాక నేసింది అడిగేవాడే లేడు. మా యింటామె గొంతు, ఈ పెట్టె, ఇవే మాకు ఇంక," అన్నాడు.

చాలా రోజులుగా అమ్ముడుపోని ఒక పెట్టె మా దగ్గర ఉండేది. అయిదువందల రకాల శబ్దాలు, రంగు రంగుల లైట్లు, కానీ మెట్లు పిల్లల బొమ్మవాటిలా ఇరుకు. దాన్ని అంటగట్టాలని చూశాను. అతను తల అడ్డంగా ఊపి, లైట్లు లేని సాదా పెట్టె మీద చెయ్యి వేశాడు. అరవై ఒక్క మెట్లు, నిండు సైజువి. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. వెనక కంప్యూటర్ రంధ్రం ఉంది. "శబ్దాలు కంప్యూటర్‌లో యెన్నైనా దొరుకుతాయన్నా. దాంట్లో దొరకంది ఇది," అని తన వేళ్లు చూపించాడు. పిల్లలూ, ఇప్పటికీ నేను మీకు చెప్పే సలహా అంతా అతని దగ్గర కొట్టేసిందే.

ఓడిపోయినట్టనిపించి, ఊరికే ఉండలేక నేనొక మాట కలిపాను. "దసరాకు నా చేత్తో పూజ చేసిన పెట్టెప్పా ఇది. చెడిపోతుందనే మాటే లేదు," అన్నాను.

ఆ పూజ సంగతి చెప్పాలి. ఆయుధపూజ రోజు మా అంగట్లో ఉన్న ప్రతి వాద్యానికీ బొట్టు పడాలి. అట్టపెట్టెల్లో ఉన్న కొత్త సరుకును కూడా బయటికి తీసి వరసగా పేర్చేవాళ్లం. బొట్లు పెట్టే పని నాది. ఆ గౌరవం శావుకారు ఇంకెవరికీ ఇవ్వలేదు. అలాంటి పనిలో కూడా నేను తెలివి చూపించాను. నల్ల ప్లాస్టిక్ మీద తడి కుంకుమ పెడితే మరక ఉండిపోతుందని, నడుమ ఉన్న తెల్ల మెట్ల మీద మూడు బొట్లు పెట్టేవాణ్ణి. మరునాడు తడిగుడ్డతో తుడిస్తే అద్దంలా వచ్చేవి. శావుకారు ఆ జాగ్రత్తకు మెచ్చుకునేవాడు.

ఉగాదికి నెలన్నర ఉందనగా అతను పెట్టె మోసుకుని తిరిగొచ్చాడు. నడిమి మెట్లు మూడు పలకడం లేదు. పలికితే ఉన్నట్టుండి కేక పెట్టినట్టు పలుకుతున్నాయి. అప్పటికి ఒక పాట వినిపించాడట, పెద్దమనుషులకు నచ్చిందట. రెండో పాట సగంలో ఉండగా ఇలా అయింది.

నేను పెట్టెను బోర్లించి మొదట చూసింది స్క్రూలు. రెండింటి తలలు గీరుకుని ఉన్నాయి. నాకు లోలోపల సంతోషం కలిగింది. దొరికాడు అనుకున్నాను.

"విప్పినావా?"

"విప్పినా," అన్నాడు.

"విప్పి ఏం చేసినావు?"

"ఏం చేయలేదన్నా. చూసి, మళ్లా బిగించినా. నువ్వు కూడా ఒకసారి విప్పి చూడు."

"టీనో, నీళ్లో పోసుకుని, విప్పి గెలికి, ఇప్పుడు ఈడికి తెస్తే ఎట్లప్పా? విప్పిన పెట్టెకు గ్యారంటీ ఉండదు. కంపెనీవాళ్లు ఒప్పుకోరు."

శావుకారు గల్లా దగ్గర నుంచి మమ్మల్నిద్దరినీ చూస్తున్నాడు. అతను ఒకసారి ఆయన వైపు చూసి, గొంతు తగ్గించి, "టీ పోయలేదన్నా. గ్యారంటీ మాట వదిలేయ్. నువ్వు విప్పి చూడు, చాలు," అన్నాడు.

ఎంత అడిగినా ఆ ఒక్క మాటే. అదే నాకు ఇంకా అనుమానం పెంచింది. నేను విప్పగానే, లోపల ఏదో తీగ తెగి ఉంటే, నువ్వే తెంపావంటాడేమో. పాతికేళ్లుగా ఎన్ని ఎత్తులు చూడలేదు? విప్పనన్నాను. అతను పెట్టెను తీసుకుపోలేదు. నా బల్ల కింద పెట్టి, "నీకు మనసైనప్పుడు చూడన్నా. పండగ దగ్గర పడుతాండాది, అది గుర్తు పెట్టుకో," అని వెళ్లిపోయాడు. పెట్టె వదిలిపెట్టి పోవడం కూడా ఎత్తేనని శావుకారుకు చెప్పాను. ఆయన ఆ రోజు తాళం అయిదుసార్లు లాగి చూశాడు.

పది పన్నెండు రోజుల తర్వాత పెద్ద పంచెలు కట్టుకున్న ఇద్దరు అంగట్లోకి వచ్చారు. ఏదో పని మీద కర్నూలు వచ్చి, అతని గురించి అడిగిపోదామని వచ్చారట. అతని ఊరి పెద్దమనుషులు. వాళ్లలో పెద్దాయన బెంచీ మీద కూర్చుని నెమ్మదిగా అడిగాడు.

"మా వాడు పెట్టె చెడిపోయింది, అంగట్లో ఉండాది అంటాండాడు. పండగ ముందర పెట్టుకుని మాకు దిగులుగా ఉండాది. నువ్వు పనితనం తెలిసినోడివి. తప్పు పెట్టెదా, మనిషిదా?"

ఇలాంటి ప్రశ్న అడిగినవాడికి చూసి చెబుతానని జవాబివ్వాలి. బల్ల కింద పెట్టె ఉంది. నాలుగు స్క్రూలు విప్పడం పావుగంట పని. నేను విప్పలేదు. నన్ను పనితనం తెలిసినవాడివన్నాడు కదా, ఆ మత్తులో చెప్పేశాను.

"పెట్టె బంగారం లాంటిది. చేతిదే తప్పు. ఏదో పోసుకుని, విప్పి గెలికినాడు. నాకు అబద్ధం చెప్పినాడు."

పెద్దాయన పంచె సర్దుకుని లేచాడు. వాళ్లు వెళ్లిపోయాక భాయ్ చేతిలోని డోలక్ పక్కన పెట్టారు.

"చూసినావా లోపల?"

"చూడాల్సిన పనేముంది భాయ్?"

"తట్టకుండా నేను చిన్న డోలక్ గురించి కూడా చెప్పను. నువ్వు మనిషి గురించి చెప్పేసినావ్," అన్నారు.

నాకు కోపం వచ్చింది. రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు.

మూడో వారంలో, నంద్యాల వైపు ఒక చర్చిలో వాయించే మనిషి కీబోర్డు పట్టుకొచ్చాడు. మా దగ్గర దసరా తర్వాత కొన్నదే, వేరే మోడలు. నడిమి మెట్లు మూడు పలకడం లేదన్నాడు. నా నోటికి అలవాటైన మాట వచ్చేసింది. "ఏం పోసినావప్పా, టీనా?" అన్నాను. అతను బిత్తరపోయి ప్రమాణం చేయబోయాడు. భాయ్ లేచి వచ్చి, నా బల్ల కింది పెట్టెను బయటికి లాగి, ఆ రెండో పెట్టె పక్కన పెట్టారు. వేలితో ఇటు మూడు మెట్లు, అటు మూడు మెట్లు తట్టి చూపించారు. అవే మెట్లు.

"ఇది ఒక ఊరు, అది ఒక ఊరు. ఇద్దరూ చూసి చూసి ఇవే మెట్ల మీద టీ పోసుకున్నారా?"

నాకు అప్పటికే తెలిసిపోయింది. అయినా చేతులు స్క్రూడ్రైవర్ దగ్గరికి పోవడానికి చాలాసేపు పట్టింది. నేతపని అతని పెట్టె విప్పాను. మెట్ల అడుగున రబ్బరు పట్టీ ఉంటుంది. దానికి నల్లటి చుక్కలుంటాయి. మెట్టు నొక్కితే ఆ చుక్క కింది పలకకు తాకి శబ్దం పుడుతుంది. మూడు మెట్ల కింద ఆ చుక్కల మీద ఎర్రగా పేరుకుని ఉంది. వేలితో తీసి చూశాను. కుంకుమ. నేను పెట్టింది, మరునాడు శుభ్రంగా తడిగుడ్డతో సందుల్లోకి నెట్టింది. వాయించే కొద్దీ దిగి దిగి చుక్కలను కప్పేసింది. రెండో పెట్టెలోనూ అంతే.

నాకు వరసగా గుర్తొచ్చారు. దసరాకూ శివరాత్రికీ మధ్య కొని తిరిగొచ్చిన బడిపంతులు, పాస్టరు గారి కూతురు, ఆర్కెస్ట్రా అబ్బాయి. అందరినీ టీ అన్నాను, నీళ్లన్నాను, ఎలుక అన్నాను. ఒక్కరి పెట్టె కూడా వాళ్ల ముందు సరిగ్గా చూడలేదు. కొన్నింటిని లోపలికి తీసుకెళ్లి, దీపం గుడ్డి వెలుతురులో, గుడ్డకు ఏ రంగు అంటిందో కూడా చూడకుండా పైపైన తుడిచి, మహా ఉపకారం చేసినట్టు ఇచ్చాను. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

శావుకారు వచ్చి చూశాడు. తర్వాత, "పూజ మాట బయట అనొద్దు. అమ్మవారి కుంకుమ వల్ల సరుకు చెడిందంటే అంగటికి మంచిది కాదు. తేమ చేరిందని చెప్పు," అన్నాడు. కర్నూలులో తేమ! మాకు తాగడానికే నీళ్లుండవు.

రెండు పెట్టెలూ స్పిరిట్‌తో తుడిచి బాగుచేశాను. చర్చి అతనిది చేతికిచ్చి పంపేశాను. అతనికి కూడా తేమ అనే చెప్పాను, దాచడమెందుకు. మరునాడు తెల్లవారి బస్సుకు నేతపని అతని పెట్టె ఒళ్లో పెట్టుకుని కడప పోయి, అక్కడి నుంచి కమలాపురం బస్సెక్కి వాళ్ల ఊరి దగ్గర దిగాను.

అతను గుంటమగ్గం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, చేతిలో పోగు ఉండడంతో మళ్లీ కూర్చున్నాడు. గోడ పక్కన బల్ల మీద పాత కంప్యూటర్, దాని మీద కప్పిన చీర ముక్క. గోడకు గళ్ల కాగితాలు అంటించి ఉన్నాయి. చీరల డిజైన్లు గీసుకునే కాగితాల మీదే పాటల స్వరాలు రాసుకున్నాడు. భార్య నీళ్లిచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు, మర్యాద మాత్రమే ఉంది. నేను తల వంచుకునే చెప్పాను.

"కుంకుమప్పా. నేను పెట్టిందే."

"తెలుసన్నా," అన్నాడు.

నేను తలెత్తి చూశాను.

"విప్పినప్పుడే చూసినా. పోగు తెగితే యాడ తెగిందో వెతుక్కునే పని గదా మాది. దసరాకు నువ్వే పూజ చేసినానని చెప్పింటివి. తుడిస్తే నాకు పలుకుతాది. తుడిచేస్తే నీకు తెలియదు, ఇట్లాంటిదే ఇంకొకడికి అమ్ముతావు. అందుకే అట్లనే బిగించి తెచ్చినా."

"ఆ మాట అంగట్లోనే చెప్పింటే అయిపోయేది గదప్పా."

"మీ శావుకారు చూస్తాండె. నీ చేతి పూజ వల్ల చెడిందని ఆయన ముందర ఎట్ల చెప్పల్ల? నీ పని పోతే? అదీగాక అమ్మవారి కుంకుమను తప్పుపట్టే మాట నా నోట రావడం నాకే ఇష్టం లేకపోయె. నువ్వే చూస్తావులే అనుకున్నా."

అతని భార్య అప్పుడు నోరు తెరిచింది. "మీరు చెప్పిన మాట ఊర్లో అందరికీ తెలిసిందన్నా. అబద్ధాలోడికి అమ్మవారి పాటలు ఎట్లిస్తామనిరి. పట్నంలో చేయించేసినారు. మొన్ననే సీడీలు వచ్చినాయి," అంది. లోపలికి పోయి మళ్లీ బయటికి రాలేదు.

నేను అతన్ని వెంటబెట్టుకుని పెద్దమనిషి ఇంటికి పోయాను. అతను వద్దన్నాడు, నేను వినలేదు. కనీసం ఆ ఒక్కటైనా సరిచేసి పోవాలని పట్టుదల. అరుగు మీద మరో నలుగురు కూర్చుని ఉండగా, శావుకారు మాట పక్కన పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కుంకుమ నాది, తప్పు నాది, విప్పి చూడకుండా మాట అన్నది నేను, ఇతను ఒక్క అబద్ధం చెప్పలేదు అన్నాను. ఎదుటివాళ్ల ముందు అలా మాట్లాడటం నా జన్మలో అదే మొదటిసారి. చెప్పాక గుండె తేలికైంది, దాచుకోను.

పెద్దాయన అంతా విన్నాడు. గడ్డం రుద్దుకున్నాడు.

"సరేప్పా. నువ్వు దూరం నుంచి వచ్చి చెప్పినావు, మంచిది. అయితే ఒక మాట. ఆయప్ప పెట్టె విప్పిన మాట నిజమే గదా?"

"నిజమే, కానీ చూడటానికే—"

"అదే మేమనేది," అన్నాడు పెద్దాయన. పక్కనున్నవాళ్లు తలలూపారు.

తిరిగి వస్తుంటే అతను నన్ను బస్సు దాకా సాగనంపాడు. "చెప్పినావు గదా, చాల్లేన్నా," అన్నాడు. నన్ను ఓదార్చాల్సిన పని కూడా అతని మీదే పడింది.

ఆ తర్వాత నేను మెట్ల మీద బొట్టు పెట్టలేదు. పెట్టె అడుగున, ఎవరికీ కనిపించని చోట పెట్టేవాణ్ణి. అమ్మవారు ఏమీ అనుకోలేదు. పలకని పెట్టె ఎవరు తెచ్చినా వాళ్ల ముందే విప్పేవాణ్ణి. భాయ్ చూసి నవ్వుకునేవారు. అనుమానం పోయిందా అంటే పోలేదు, ఒకరి మీది నుంచి మరొకరి మీదికి మారింది. ఇప్పుడు ఎక్కువగా నా మీదే ఉంటుంది.

అతను పెళ్లిళ్లలో, చిన్న చిన్న భజనల్లో వాయించాడు. ఇంట్లో చేసిన పాటలు ఒకటి రెండు విన్నాను. పట్నం స్టూడియో వాటికన్నా ఎంతో బాగున్నాయి. భార్య గొంతు అంత బాగుంటుందని అప్పుడే నాకు తెలిసింది. జ్యోతి పండగ పాటలు మాత్రం వాళ్ల ఊరివాళ్లు అతనికి ఎప్పుడూ ఇవ్వలేదు. కొన్నేళ్లకు ఆ వైపు మనిషి ఒకడు అంగటికి వస్తే, అతని గురించి అడిగాను.

"మంచోడేన్నా, బాగా వాయిస్తాడు," అన్నాడు ఆ వచ్చినవాడు. గొంతు తగ్గించి, "కానీ కొంచెం జాగ్రత్తగా ఉండల్ల ఆయనతో అంటారు. ఎందుకో నాకు తెలియదు," అన్నాడు.

ఎందుకో తెలిసినవాణ్ణి నేను. అంగట్లో పదిమంది ఉన్నా మళ్లీ మొదటినుంచి చెప్పాను. అతను ఓపిగ్గా విని, చివర్లో, "అయినా విప్పింటాడు గదన్నా," అన్నాడు.